కమ్మలు తెచ్చిన కోరం

పొద్దున్నే మీటింగు, ఆ తర్వాత టీ, టీ అయ్యాక ఒప్పందం మీద సంతకాలు. ఇదీ జూరా వేసుకున్న ప్లాను. తాష్-బులాక్ ఊరి మహిళల మంచినీళ్ళ సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు, ఆవిడే కార్యదర్శి, క్లబ్బు హాలు ఊడ్చేదీ ఆవిడే. సోవియట్ల కాలంలో వేసిన పంపు మూలనపడి ఏళ్ళయింది. ఆడవాళ్ళు ఇంకా వాగు నుంచి డబ్బాలతో నీళ్ళు మోస్తున్నారు. ఆ రోజు లిథువేనియా మహిళా సంఘాల తరఫున బిరుతె అనే పెద్దావిడ వస్తోంది. వాళ్ళు ఈ సంఘంతో జత కడితే కొత్త పంపూ వస్తుంది, నడపడం నేర్పే మనుషులూ వస్తారు. ఆవిడ షరతు ఒక్కటే: సంఘం అంటే బోర్డు కాదు, మనుషులు కనిపించాలి.

ఆ మనుషులకే కరువు. బంగాళదుంపలు తవ్వే రోజులాయె. పోయిన చలికాలం మీటింగుకు వచ్చినవాళ్ళు కూడా పొయ్యి దగ్గర చలి కాచుకోవడానికే వచ్చారు.

"ఇల్లిల్లూ తిరిగి చెప్పొచ్చానే. అందరూ తలలూపారు. ఆ ఊపుడు చూస్తేనే తెలిసిపోయింది, ఒక్కరూ రారు," అంది జూరా కూతురితో.

"రాకపోతే మనిద్దరం కుర్చీలు మారుతూ కూర్చుందాంలే అమ్మా," అంది సెజిమ్.

అంతలోనే కారు వచ్చి వాకిట్లో ఆగింది. బిరుతె వెంట ఫొటోలు తీయడానికి ఆవిడ కొడుకు లినాస్ కూడా వచ్చాడు. రష్యన్ అందరికీ అంతో ఇంతో వచ్చు కాబట్టి మాటలకు లోటు లేదు. సెజిమ్ టీ తెచ్చి, వంగి, కప్పు అందించిన తీరుకు బిరుతె మురిసిపోయింది. సంచిలోంచి తేనెరంగు రాళ్ళ కమ్మలు తీసి, తన చేతులతోనే పిల్ల చెవులకు పెట్టి, రెండు బుగ్గలూ ముద్దాడింది.

ఆ ఊళ్ళో పెళ్ళికాని పిల్ల చెవులకు కమ్మలు పెట్టే బయటి మనిషి ఒక్కరే ఉంటారు, కాబోయే అత్తగారు.

గుమ్మంలో పక్కింటి బురుల్ నిలబడి ఉంది, జల్లెడ తిరిగి ఇచ్చిపోదామని వచ్చి. పిల్ల చెవులు చూసింది. మూల కూర్చుని నూనెలో వేయించిన రొట్టెముక్కల్ని జామ్‌లో ముంచుకు తింటున్న పొడుగాటి కుర్రాణ్ణి చూసింది. "బాగానే తింటున్నాడు," అని గొణిగి, జల్లెడ అక్కడే వదిలేసి మాయమైంది.

"తీసెయ్యవే," అంది జూరా పళ్ళబిగువున.

"ఆవిడ ముందే తీస్తే బాధపడదూ? మీటింగయ్యాక తీస్తాలే."

కాసేపటికి మట్టిబూట్లతో జూరా మొగుడు కుబాత్ పొలం నుంచి వచ్చాడు. భార్యను వంటింట్లోకి పిలిచాడు.

"అందరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. దేనికో తెలీక నేనూ సంతోషం అన్నాను. మా అన్నయ్య గొర్రెని కోసేశాడు. పిల్లని ఎవరికిచ్చామో నాకూ ఓ ముక్క చెప్పి ఉంటే బాగుండేది."

"ఎవరికీ ఇవ్వలేదయ్యా. ఆవిడేదో ముచ్చటపడి పెట్టింది."

"అయితే ఆ మాట ఊరికి చెప్పు."

జూరా కిటికీలోంచి చూసింది. తలలకు కొత్త రుమాళ్ళు కట్టుకుని, మూటలు పట్టుకుని ఊరు ఊరంతా వచ్చేస్తోంది. నీళ్ళంటే రాని జనం.

"చెప్తాను. మీటింగయ్యాక చెప్తాను," అంది. వాకిట్లోకి వెళ్ళి, "ఇల్లు ఇరుకు, అందరూ క్లబ్బుకు పదండి," అంది.

క్లబ్బు కిటకిటలాడిపోయింది. ఊరికి పెద్దవాడైన జుమాదిల్ తాత లేచాడు. పిల్ల వెళ్ళబోయే చోటు ఎలాంటిదో కనుక్కోవడం పెద్దల బాధ్యత కదా.

"అమ్మా, మీ ఊళ్ళో నీళ్ళెవరు మోస్తారు?"

బిరుతె మొహం వెలిగిపోయింది. "ఎవరూ మోయరండీ. కుళాయి ఇంట్లోకే వస్తుంది. చెడిపోతే ఆడవాళ్ళం అధికారిని పిలిపించి, బాగయ్యేదాకా వదలం."

"కోడళ్ళు కూడా నోరు విప్పుతారా?"

"వాళ్ళదే పెద్ద నోరు."

"మరి మగాళ్ళు ఇంట్లో పనిచేస్తారా?" అని బురుల్ అందుకుంది.

"గిన్నెలు నేనే తోముతాను," అన్నాడు లినాస్. వెనక వరసల్లో ఆడవాళ్ళు నిట్టూర్చారు.

బిరుతె జూరా చెవిలో, "ఇన్ని దేశాలు తిరిగాను, ఇంత చైతన్యమున్న ఊరు చూడలేదు," అంది.

"మాకింక అభ్యంతరం లేదు," అని జుమాదిల్ తాత దీవించడానికి రెండు చేతులూ ఎత్తాడు. జనమంతా ఎత్తారు. ఓటింగనుకుని బిరుతె కూడా ఎత్తింది. ఆ చేతులు మొహాల మీదుగా దిగాయంటే సంబంధం ఖాయమైనట్టే, ఇక తిరుగులేదు. సెజిమ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అమ్మా," అంది, అంతే. జూరా ఇక పంపు గురించి ఆలోచించలేదు.

"తాతా, చేతులు దించండి. ఇది పెళ్ళి సంబంధం కాదు. నీళ్ళ మీటింగు. తప్పు నాదే, జనం వస్తారు కదాని నోరు మూసుకున్నాను."

"మరి గొర్రె?" అన్నారెవరో.

"కోశారుగా, ఉడికాక తినే వెళ్ళండి."

అదే మాట జూరా సిగ్గుపడుతూనే రష్యన్‌లో బిరుతెకూ చెప్పింది. బిరుతె ఎర్రబడింది. "అంటే మీటింగుకని ఎవరూ రాలేదన్నమాట," అంది. "రాలేదు," అంది జూరా. బిరుతె కాగితాలు సంచిలో పెట్టేసుకుంది.

కానీ ఎవరూ కదల్లేదు. మాంసం ఇంకా ఉడకలేదు మరి.

"ఆగండాగండి," అంది బురుల్ నడుం మీద చేతులు పెట్టుకుని. "పెళ్ళి లేదు, సరే. ఆ నీళ్ళ మాటైనా నిజమేనా?"

"నిజమే," అంది బిరుతె.

"వాళ్ళ కోడళ్ళు అధికారినే పిలిపిస్తారట. మనమేమో నడుములు విరగ్గొట్టుకుంటున్నాం. మన పంపు సంగతి ఎవరు చూడాలి?"

విందుకని వచ్చి వెనక కూర్చున్న ఊరి అధికారి వైపు తలలన్నీ తిరిగాయి. ఆయన తలుపు వైపు చూశాడు. తలుపు నిండా ఆడవాళ్ళే. మాంసం ఉడికేలోగా ఆయన గొట్టాలు ఇస్తానన్నాడు, మగాళ్ళు కలిసి కాలువ తవ్వుతామన్నారు, ఆడవాళ్ళు సంఘంలో చేరడానికి తోసుకున్నారు. బిరుతె కాగితాలు మళ్ళీ బయటికి తీసి సంతకం పెట్టింది. సెజిమ్ తీసిచ్చిన కమ్మల్ని తిరిగి ఆ పిల్లకే ఇచ్చింది, ఈసారి జాగ్రత్తగా చేతిలో పెట్టి.

మరుసటి నెల మీటింగుకు బురుల్ అందరికంటే ముందొచ్చి, పెళ్ళికాని ముగ్గురు కూతుళ్ళనీ బోసి చెవులతో ముందు వరసలో కూర్చోబెట్టింది.