ఓరిన్ ప్రువిట్ ఇంటి పాలైన వైనం

అమెరికాలోని టకోమా నగరంలో 'తెరిచిన తలుపు' సేవాసంస్థకు గ్రాంటు మంజూరైందనీ, పాత మోటెల్‌ను నలభై ఎనిమిది గదుల శాశ్వత నివాసంగా మార్చారనీ, మొదటి గది ఓరిన్ ప్రువిట్‌కే దక్కుతుందనీ మే నెలలో ప్రకటన వెలువడింది. నగరం యావత్తూ పులకించింది.

ఓరిన్‌కు అరవై ఒక్కేళ్లు. ఇరవై రెండేళ్లు స్కూలు బస్సు నడిపాడు. మోకాలు పాడైంది, ఉద్యోగం పోయింది, అద్దె పెరిగింది. అలా హైవే వంతెన కింద గుడారంలోకి చేరి నాలుగేళ్లయింది.

అసలు ఆ గ్రాంటు వచ్చిందే అతని నోటి చలవ వల్ల. జనవరిలో డెన్వర్‌లో దాతల మహాసభ జరిగితే, సంస్థ డైరెక్టరు మార్జరీ హాల్వర్సన్ అతన్ని విమానం ఎక్కించి తీసుకెళ్లింది. హోటల్లో అయిదో అంతస్తులో గది ఇప్పించింది. ఇల్లు లేకపోవడమంటే ఏమిటో అయిదు సభల్లో, రెండు విందుల్లో చెప్పించింది. "వాన మొదలైతే ముందు బూట్లు దాచుకుంటాను" అని ఓరిన్ అనగానే నాలుగు వందల మంది కళ్లు తుడుచుకున్నారు. వెంటనే చేపలు వడ్డించారు. సభ ఆరు రోజులు. మంచు కురిసి విమానాలు ఆగిపోవడంతో మరో రెండు రాత్రులు అక్కడే గడిచాయి.

తాళంచెవి ఇచ్చే రోజున ఓరిన్ తన గుడారాన్ని పక్కవాడికి దానం చేసి, గడ్డం గీసుకుని వచ్చాడు. ఇక దరఖాస్తు నింపడం ఒక్కటే మిగిలింది.

"గత పన్నెండు నెలల్లో ఎక్కడెక్కడ పడుకున్నారు?" మార్జరీ నవ్వుతూ అడిగింది.

"వంతెన కిందే. మనం డెన్వర్ వెళ్లిన ఎనిమిది రాత్రులు తప్ప."

ఆమె పెన్ను ఆగిపోయింది. గ్రాంటు నిబంధనల ప్రకారం, ఏడాదిపాటు ఎడతెగకుండా ఆరుబయట ఉన్నవారే అర్హులు. వరుసగా ఏడు రాత్రులు కప్పు కింద నిద్రపోతే అర్హత రద్దు.

"అయ్యో ఓరిన్! నిజంగానే గదిలో పడుకున్నారా?"

"మంచం వేసి ఉంది కదమ్మా. ఇంకేం చెయ్యను దాన్ని?"

"ఆ చివరి రెండు రాత్రులైనా కింద పార్కింగులో పడుకోవచ్చుగా!"

"గది తీసింది మీరే కదా?"

మార్జరీ మనస్ఫూర్తిగా ఏడ్చింది. ఆమె చాలా మంచి మనిషి. ఆ రోజు నుంచే కొత్త ఏడాది మొదలైనట్టు రాసుకుని, సంస్థ ముద్ర ఉన్న సరికొత్త గుడారం ఇచ్చి, తన కారులోనే అతన్ని వంతెన దగ్గర దింపి వచ్చింది.

ఈసారి పొరపాటు జరగకూడదని సంస్థ అదనపు గ్రాంటు తెచ్చి, ఒక 'కొనసాగింపు అధికారి'ని నియమించింది. అతనికి కారు, వెచ్చని ఆఫీసు ఇచ్చారు. రోజూ పొద్దున్నే వచ్చి, ఓరిన్ బయటే ఉన్నాడని ఫొటో తీసుకుని, "చాలా బాగా చేస్తున్నారు, ఇలాగే ఉండండి" అని భుజం తట్టేవాడు. ఓరిన్ గొడుగు కొనుక్కుంటే, గొడుగు కప్పు కిందికి వస్తుందా రాదా అని ఉపసంఘం మూడుసార్లు కూర్చుంది. నిద్రపోయేటప్పుడు ముడిచిపెట్టే షరతు మీద గొడుగును అనుమతించారు.

నవంబరుకల్లా ఓరిన్‌కు దగ్గు పట్టుకుంది. రిటైరైన లెక్కల టీచరు లెనోరా బిక్‌ఫర్డ్ సూపు తెచ్చి, ఆ దగ్గు విని, అక్కడే నిలబడిపోయింది.

"మా గరాజు మీద గది ఊరికే పడుంది. హీటరు కూడా ఉంది. లేవండి, పోదాం."

ఫొటో తీసుకోవడానికి వచ్చిన అధికారి ఇది విని మార్జరీకి ఫోను కొట్టాడు. పది నిమిషాల్లో మార్జరీ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటి మేడమ్, ఆయన జీవితం నాశనం చేస్తారా? ఇంకో ఆరు నెలలు ఓపిక పడితే శాశ్వతంగా ఇల్లు వస్తుంది!"

"మరి ఈ రాత్రికి?"

"ఈ రాత్రికి గ్రాంటు లేదండీ."

ఓరిన్‌కు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్లీ నవ్వయింది. కళ్లు తుడుచుకుంటూ వెళ్లి లెనోరా కారులో కూర్చున్నాడు.

ఆ సంవత్సరపు నివేదికలో సంస్థ ఈ వైఫల్యాన్ని దాచలేదు: "ఒక లబ్ధిదారుడు దురదృష్టవశాత్తు ఇంటి పాలయ్యాడు."

వారం తిరక్కుండా లెనోరా వీధివాళ్లు అర్జీ పట్టుకుని వచ్చారు. వీధిలోని ముప్ఫై ఒక్క ఇళ్లూ ఆ మోటెల్‌కు ఉదారంగా విరాళమిచ్చినవే. అర్జీ మీద లెనోరా సంతకం తప్ప అందరివీ ఉన్నాయి. ముందు నిలబడ్డ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు.

"మాకు ఆయన మీద ఏ కోపమూ లేదు లెనోరా. కానీ మీరే చెప్పండి, ఇల్లు లేనివాణ్ని తెచ్చి ఇళ్ల మధ్య పెడితే ఎలా?"

వంటింట్లో గుడ్లు వేయిస్తున్న ఓరిన్, "వాళ్లు కాఫీ తాగుతారేమో కనుక్కోండి" అని కేకేశాడు.

లెనోరా అర్జీలోని తప్పులు ఎర్రసిరాతో దిద్ది తిరిగి ఇచ్చేసింది. ఓరిన్ అక్కడే ఉండిపోయాడు, దగ్గు తగ్గింది. పెద్దమనుషులు చిన్నబుచ్చుకుని ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. వాళ్ల ప్రతి ఇంటి కిటికీకీ 'అందరికీ ఇల్లు' అనే అందమైన బోర్డు ఉంది. మనుషులున్న గదుల్లో వెలుతురుకు అడ్డం రాకుండా, వాటిని ఖాళీ గదుల కిటికీలకే తగిలించారు.