కాళ్లు రాలేదని రుజువు

నడవలేని మనిషి ఏటేటా ఆఫీసుకు వచ్చి, తనకింకా నడక రాలేదని చూపించుకోవాలి. ఇంతకంటే చల్లని నిబంధన ఈ లోకంలో ఉందా? లేదు!

ఆలోచించండి. కాళ్లు ఎప్పుడు మొలుస్తాయో ఎవరికి తెలుసు? కిందటి వానాకాలం లేనివి ఈ వానాకాలానికి పుట్టగొడుగుల్లా రావచ్చు. ప్రభుత్వం జాగ్రత్తగా ఉండొద్దూ? నన్నడిగితే వేపచెట్టును కూడా ఏటా పిలిపించి, ఇంకా చేదుగానే ఉందా అని నమిలి చూడాలి!

మా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వరసలో జోగమ్మ ఉంది. భర్త గణపతిరావు వర్క్‌షాపులో బాయిలర్ పనిచేసి పోయాడు. ఇప్పుడు ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. కూతురు చిట్టెమ్మకు చిన్నప్పుడే జ్వరమొచ్చి కాళ్లు పడిపోయాయి. ముప్పై దాటిన మనిషి. తల్లి తర్వాత ఆ పెన్షన్ చిట్టెమ్మకు రావాలంటే ఏటేటా రుజువు కావాలి.

ఆఫీసు మేడమీద. ఎంత దూరదృష్టి! కిందటేడు మా వరసలోనే ఉండే రైలు గార్డు విల్‌ఫ్రెడ్, పక్కింటి దేముడు ఆమెను కుర్చీతో సహా మోసుకెళ్లారు. పెళ్లికూతురి పల్లకీ అనుకుని దారిలో ఇందా పేట బజారు జనం దారిచ్చారు. పెన్షన్ రూల్ లేకపోతే ఆ వైభవం దక్కేదా?

పైన గుమాస్తా ఆమెను చూసి సంతోషించాడు.

"ఊపర్ ఆ గయీ? తబ్ తో ఠీక్ హై!"

మేడెక్కి వచ్చింది కనుక బాగానే ఉందని రాసేశాడు. మందూ మాకూ లేకుండా కలంతో కాళ్లు తెప్పించిన వైద్యుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఈ ఏడు చిట్టెమ్మ మెట్ల దగ్గరే ఆపమంది.

"నానెక్కను. ఎక్కితే కాళ్లొచ్చినాయని రాసేస్తన్నారు. ఆ గుమాస్తా బాబునే దిగమను."

"ఊరుకోయే, కోపమొస్తాది ఆయనకి," అంది జోగమ్మ.

"రానీ."

కుర్చీ సరిగ్గా మెట్ల మొదట్లో వేయించుకుని కూర్చుంది. ఫైళ్లు ఆగాయి, టీ కుర్రాడు ఆగాడు. భోజనం వేళకు కొత్త ఆఫీసరు వెంకటసుబ్బయ్యగారు దిగొచ్చి, దారిలేక ఆఖరి మెట్టుమీద నిలబడిపోయారు. బెజవాడ నుంచి బదిలీ మీద వచ్చినాయన.

"ఏం కావాలమ్మా?"

"మీరు కిందకెలాగొచ్చినారు బాబూ?"

"ఎలాగేమిటి? నడిచి!"

"నాకది రాదు. ఆ ముక్కే రాసీండి."

ఆయన పకపకా నవ్వారు. గుమాస్తాను ఫైలుతో సహా కిందికి పిలిచి, గోడకానించి అక్కడే రాశారు. ఇక ఏటేటా రానక్కర్లేదు. తల్లి తర్వాత ఆ పెన్షన్ చిట్టెమ్మ బతికున్నంతకాలం చిట్టెమ్మదే.

చిట్టెమ్మ దర్జాగా కుర్చీ పక్కకు జరిపించి ఆయనకు దారిచ్చింది. జోగమ్మ మాత్రం మెట్టుమీద కూలబడి ఏడ్చింది.

"ఇన్నాళ్లూ సావడానికి కూడా బయపడినాను బాబూ. నాను పోతే దీని గతేటని..."

విన్నారా! ముసలివాళ్లను చావనివ్వని ఇలాంటి నిబంధనను ఆ ఆఫీసరు చేతులారా పాడుచేశాడు. ఒక్క చిట్టెమ్మ విషయంలోనే లెండి. మా ఊళ్లో ఇంకా ఎన్నో ఇళ్లలో తల్లులు దీని దయవల్లే ప్రాణం బిగబట్టుకుని బతుకుతున్నారు.