జూలీకి తామర

1976 కార్తీకంలో ఒక ఉదయం, ఎ.కొండూరు వెళ్లి పత్తి చేను చూసుకుని మధ్యాహ్నం భోజనానికి తిరువూరు వచ్చెయ్యాలని జగన్నాథరావు బయల్దేరాడు. కండువా భుజాన వేసుకుని గడప దాటుతుంటే, వరండాలో పడుకున్న జూలీ చెవి వెనక రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు లేకపోవడం కంటబడింది. చేను ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

జూలీ ఆయన కుక్క కాదు. గంపలగూడెంలో ఉండే వదినగారు, భార్యకు స్వయానా అక్క, సరోజినీదేవి తిరుపతి వెళుతూ, నాలుగు రోజులు చూడమని దించి వెళ్లిన తెల్లటి బొచ్చుకుక్క. రెండేళ్ల కిందట వాళ్లింట్లో తనకంటే ముందు కుక్కకు పెరుగన్నం పెట్టారని జగన్నాథరావు విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాడు. ఆనాటి నుంచి అక్కచెల్లెళ్లకు మాటల్లేవు. ఆయన భార్య రావమ్మ చాటుగా ఎన్నిసార్లు కళ్లొత్తుకుందో లెక్కలేదు. ఇన్నాళ్లకు, పిల్లల్లేని ఆ అక్క తానే వచ్చి, బిడ్డలా పెంచుకుంటున్న కుక్కను చెల్లెలి చేతిలో పెట్టింది. దానికేమైనా అయితే ఇక ఈ జన్మకు మాటల్లేనట్టే.

"తామర!" అన్నాడు జగన్నాథరావు. "గుండ్రంగా ఉంది చూడు."

"పశువుల ఆసుపత్రి రెండు వీధుల అవతలే కదండీ. ఓసారి చూపించరాదూ?" అంది రావమ్మ.

"ముప్పై ఏళ్లుగా ఎడ్లకి వైద్యం చేస్తున్నా. ఆ కాంపౌండరు దేవానందం నాకు చెప్పేదేంటి? కత్తెర తే."

జబ్బు ఎంతవరకు పాకిందో తెలియాలంటే చుట్టూ అంగుళం కత్తిరించాలి. కత్తిరించాక ఒక పక్క పల్లంగా, ఒక పక్క మెరకగా కనిపించింది. సమం చేశాడు. ఇటు సమం చేస్తే అటు చెవి ఎబ్బెట్టుగా తోచింది. ఆ పైన మెడ, మెడతో పాటు వీపు. గంట తిరిగేసరికి తలా తోకా తప్ప మిగతా జూలీ అంతా వరండాలో కుప్పగా పడి ఉంది. వేపనూనెలో గంధకం పొడి రంగరించి, ఎద్దుకు పట్టించే మోతాదులో పట్టించి ఎండలో కట్టేశాడు. కాసేపటికి దాని ఒళ్లంతా ఎర్రగా కందిపోయింది. నేలకేసి రుద్దుకుంటూ కుయ్యోమంటోంది.

"చూశావా? లోపల దాక్కున్నదంతా బయటపడింది!" అని సంబరపడ్డాడు.

తామర అంటుజబ్బు. రావమ్మ మోచెయ్యి గోక్కుంటే, అది దోమ కుట్టిందని ఎంత చెప్పినా వినకుండా అక్కడా గంధకం పూశాడు. నిన్న జూలీని ఎత్తుకున్న పక్కింటి శివపార్వతికి జాగ్రత్త చెప్పి పంపాడు. ఆవిడ వీధికంతా చెప్పింది. కబురు అందిన ప్రతి ఇంట్లోనూ దురద మొదలైంది. చివరకు శివపార్వతే ఆసుపత్రికి పరుగెత్తి దేవానందాన్ని వెంటబెట్టుకొచ్చింది.

దేవానందం జూలీ చెవి వెనక వేలితో తడిమి చూశాడు.

"తామరైతే అంచు ఎర్రగా లేచి, పొట్టు రాలుతుందండి. ఇక్కడ చర్మం నున్నగా ఉంది. తిరుపతి వెళ్లేముందు సరోజినీదేవిగారు ఆసుపత్రికి తెస్తే, పిడుదు పట్టిందని నేనే కత్తిరించి తీశా. ఆ బిళ్ల నా కత్తెరదండి."

"మరి ఒంటి మీద ఈ ఎరుపు?"

"అది మీదండి."

సబ్బుతో కడిగి, నీడన ఉంచి, పల్చగా కొబ్బరినూనె రాయమన్నాడు. గంధకం నాకనివ్వొద్దన్నాడు. రెండు రోజుల్లో చర్మం చల్లబడుతుందట.

"బొచ్చు?"

"మూడు నెలలు పడుతుందండి."

"వదినగారు సాయంత్రం బస్సుకొస్తున్నారయ్యా!" అని జగన్నాథరావు కుర్చీలో కూలబడ్డాడు.

సాయంత్రం రిక్షా ఆగింది. తలమీద కొంగు కప్పుకుని సరోజినీదేవి దిగింది. బోడి ఒంటితో, కుచ్చుతోకతో జూలీ ఎదురు పరుగెత్తింది. ఆవిడ ఉన్నచోటే నిలబడిపోయింది.

"వదినగారూ, తప్పంతా..." అని జగన్నాథరావు మొదలుపెట్టేలోగా ఆవిడ వంగి కుక్కను ఎత్తుకుంది. కొంగు జారింది. నున్నటి గుండు.

"తలనీలాలిచ్చావా అక్కయ్యా! ఎందుకు?" అంది రావమ్మ.

"మనిద్దరం మళ్లీ మాట్లాడుకుంటే ఇస్తానని మొక్కుకున్నానే. ఎవరికీ చెప్పలేదు." జూలీని గుండెకు అదుముకుని ఆవిడ బావురుమంది. "చెప్పకుండానే నా మనసు కనిపెట్టారు మరిదిగారూ! నాతోపాటు దీనికీ చేయించారు. మిమ్మల్ని ఎంత అపార్థం చేసుకున్నానో!"

జగన్నాథరావు నోరు తెరిచాడు. రావమ్మ కాలు తొక్కింది. మూసుకున్నాడు. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే ఆయనకూ కళ్లు చెమర్చాయి.

"మన వంతు మనం చెయ్యాలి కదండీ," అన్నాడు నిబ్బరంగా.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న శివపార్వతి ఊరుకోలేదు, కుక్కకూ తలనీలాలిచ్చారని వీధంతా చెప్పింది. ఆ వారంలో తిరువూరులో మరో రెండు కుక్కలకు గుండ్లయ్యాయి. వాటికీ ఏ జబ్బూ లేదు.