తనిఖీ చేయరాని ఫైళ్లు

మనిషికంటే అతని కాయితానికే ప్రాణభయం ఎక్కువని దేశంలో మొట్టమొదట గుర్తించిన ఘనత జమ్మలమడుగు పత్రభద్రతా కార్యాలయానిదే. అందుకే అక్కడ కంప్యూటర్లలో రెండు ఏర్పాట్లు చేశారు. పత్రాలన్నిటినీ దాచే ‘పత్రనిధి’ ఒకటి, వాటిలో దూరే వైరస్‌లను పట్టే ‘రక్షక్’ ఇంకొకటి. విడివిడిగా రెండూ బంగారాలే. పత్రనిధి ఫైలు తెరవగానే రక్షక్ దానిమీద పడి తనిఖీ చేసేది. అది తేలేలోపు పత్రనిధి విసుగొచ్చి మూసుకునేది. (శాఖలో దీన్ని సమన్వయం అంటారు.)

సంజీవమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు కావలసింది కూతురు సహస్ర కులధ్రువీకరణ పత్రం. శుక్రవారం సాయంత్రంలోపు చూపిస్తే పులివెందులలో నర్సింగ్ సీటు, లేకుంటే ఆ పిల్లా తల్లిలాగే గొర్రెల వెంట. శుక్రవారం పొద్దున్నే మందను మరిదికి అప్పగించి వచ్చి కౌంటరు ముందు నిలబడింది.

“నీ బిడ్డ ఫైలు క్వారంటైన్‌లో ఉండాదమ్మా,” అన్నాడు ఆపరేటర్ ఉమైర్.

“దానికేం రోగమొచ్చె నాయనా?”

“రోగం కాదు, అనుమానం. నువ్వు మాటికీ వచ్చి అడుగుతాంటివి, నేను మాటికీ తెరుస్తాంటి. అట్ల ఊరికూరికే తెరుచుకునే ఫైలును పట్టుకొమ్మని రూలు.”

“మీరియ్యకపోతే గదా నేను మాటికీ వచ్చింది!”

ఈ వాదన రాసుకోవడానికి తెరమీద గడి లేదు.

“మా గొర్రెకు రోగమొస్తే పక్కన కట్టేస్తాం. బాగైతే ఇడుస్తాం. దీన్నెప్పుడు ఇడుస్తారు?”

“మినహాయింపు వస్తే.”

మినహాయింపు సంగతి చెప్పాలి. ఆ మధ్య ప్రొద్దుటూరు నుంచి ఒక నిపుణుడు వచ్చి, పత్రనిధి తన పనికి వాడుకునే ఒక్క ఫోల్డరును తనిఖీ నుంచి మినహాయిస్తే తగువు తీరుతుందని రాసిచ్చాడు. అధికారి వెంకటకృష్ణ అందులో ‘తనిఖీ నుంచి మినహాయింపు’ అన్నంతవరకు చదివి కళ్లకద్దుకున్నాడు. (ఈ ప్రాంతంలో తనిఖీ లేకపోవడమే పెద్దమనిషికి గుర్తు. టోల్‌గేటు దగ్గర కారు అద్దం దించేవాణ్ణి ఎవరూ లెక్కచేయరు.) వార్త ఊళ్లలో పాకింది. “మా నాయన పొలం ఫైలును ఒక మిషను తడిమి చూస్తాదా?” అంటూ ఒక పెద్ద రైతు జీపులేసుకుని దిగాడు. ఆయన ఫైలుకు మినహాయింపు ఇచ్చి శాలువా కప్పారు. ఆయనకిచ్చారని ప్రత్యర్థి వచ్చాడు, తర్వాత ఇద్దరి బావమరుదులూ వచ్చారు. కొందరు చచ్చిపోయిన తాతల ఫైళ్లకూ గౌరవం దక్కించుకున్నారు. చివరికి రక్షక్ తనిఖీ చేయదగ్గ ఫైలు జమ్మలమడుగులో సహస్రది ఒక్కటే మిగిలింది.

సంజీవమ్మ వెంకటకృష్ణ గదిలోకి పోయింది. “అప్పా, నా బిడ్డ ఫైలును గూడా ఇడిపించప్పా. పొద్దుగూకితే సీటు పోతాది.”

“ఎవరి మనిషివి?”

“గొర్రెలోళ్ల మనిషిని.”

“అందరినీ మినహాయిస్తే రక్షక్‌కు పనేముంటాదమ్మా?” అన్నాడాయన, న్యాయంగా.

అంతలో పెద్ద రైతు మనవడి పెళ్లి ఫొటోలను కూడా పత్రనిధిలో దాచమని ఒక పెన్‌డ్రైవ్ వచ్చింది. దానికీ మినహాయింపు ఉంది. అందులోని వైరస్‌ను రక్షక్ మర్యాదగా లోపలికి పోనిచ్చింది. మధ్యాహ్న భోజనాలయ్యేసరికి పత్రనిధి బూడిదైంది.

“సార్, అన్నీ పాయె!” ఉమైర్ పరుగెత్తుకొచ్చాడు. “క్వారంటైన్‌లో ఉండే ఆ పాప ఫైలొక్కటే బాగుండాది.”

సంజీవమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుంది. “తొందరగా అచ్చు తీసియ్యి నాయనా, బస్సు పోతాది!”

“ఆగు,” అన్నాడు వెంకటకృష్ణ. “పెద్దపెద్దోళ్ల కాయితాలన్నీ పోయి నీ బిడ్డదొక్కటే మిగిలిందంటే, అనుమానం ఎవరిమీద రావాల?”

ఫైలును సాక్ష్యంగా సీలు చేసి, ఆమె మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టారు. అందులో నిందితురాలి కులం కూడా నింపాలి కాబట్టి, సాయంత్రంలోపు ధ్రువీకరణ పత్రం తెచ్చుకోమన్నారు.