ప్లాస్టిక్కు ఏదో తేలని వారం

ప్రపంచంలో పేరుకుపోతున్న ప్లాస్టిక్కుని ఎవరో ఒకరు ఆపాలి, ఆ ఎవరో నేనే ఎందుకు కాకూడదు అనిపించింది ఒక సోమవారం. ఉన్నమాట చెప్పాలంటే అందులో ప్రపంచం మీద ప్రేమ పావు వంతే. మిగతా ముప్పావూ మా పైఇంటాయన మీద కుళ్ళు.

మా అపార్టుమెంటు సంఘం అధ్యక్షుడిని అందరూ తీర్మానంగారు అంటారు. లిఫ్టులో దొరికినా ఏదో ఒకటి తీర్మానించందే దిగనివ్వడు. ప్లాస్టిక్కు తక్కువున్న ఇంటి తలుపుకి చెక్క పలక తగిలిస్తామని ఆయన నెల కిందటే నోటీసు పెట్టాడట. నేను చదివింది ఆ సోమవారం. పలక తగిలించేది వచ్చే ఆదివారం. నిరుడు మొక్కల పలకా, అంతకుముందు నీటి పొదుపు పలకా పైఇంటాయనకే వెళ్ళాయి. మా తలుపుకి ఇంతవరకూ తగిలినవి కొరియరువాళ్ళ చీటీలు మాత్రమే.

శనివారానికల్లా మనింట్లో ప్లాస్టిక్కన్నది కనపడకూడదని మా ఆవిడతో అన్నాను. ఆవిడ బట్టలు మడతపెడుతూనే, ఏది ప్లాస్టిక్కో మీకు తెలుసా అని అడిగింది. చూస్తే తెలియదా అన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

మంగళవారం ఆవిడ తను పనిచేసే గ్రంథాలయానికి వెళ్ళగానే నేను సెలవు పెట్టి వంటింటి మీద పడ్డాను. డబ్బాలు, జల్లెడ, మగ్గు, బట్టల క్లిప్పులు, చివరికి దువ్వెన కూడా ఒక గోతంలో కుక్కి, కింద సెల్లారులో చెత్తబుట్టల పక్కన పెట్టేశాను. డబ్బాల్లో ఉన్న సరుకంతా గాజు సీసాల్లో పోశాను. దేనిలో ఏం పోశానో రాసిపెట్టుకోవాలని మాత్రం తట్టలేదు.

బుధవారం కాఫీలో ఉప్పు పడింది. గురువారం బట్టల మిషన్లో మైదాపిండి పడింది. ఆ చొక్కాలు గంజి పెట్టకుండానే వాటంతటవి నిలబడ్డాయి.

అసలు గందరగోళం శుక్రవారం మొదలైంది. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాను. పదహారేళ్ళుగా నేను అరగదీస్తున్నవి అద్దాలు కావు, ప్లాస్టిక్కే. తెలియక కాదు, అద్దాలని పిలుస్తూ పిలుస్తూ మరిచిపోయాను. నేను టీ తాగుతున్న కాగితం కప్పుకి లోపల ప్లాస్టిక్కు పూత ఉంటుందని దుకాణం యజమాని చెప్పాడు. టీ సంచీల్లో కూడా కొన్నిట్లో ఉంటుందన్నాడు. అనుమానం వచ్చి కాలరు వెనక చీటీ చూసుకున్నాను. ఇంటికొచ్చేసరికి నా బుర్ర తిరిగిపోతోంది.

"ఒక్కమాట చెప్పు. ఈ చొక్కా ప్లాస్టిక్కా, కాదా?"

"మూడొంతుల్లో రెండొంతులు అదే," అంది మా ఆవిడ చీటీ చదివి.

"అయితే విప్పెయ్యాలా?"

"మూడో వంతు ఉంచుకుని విప్పండి."

ఆదివారం తీర్మానంగారు ఇద్దరు సభ్యులతో, సుత్తీ మేకుతో వచ్చాడు. నేను ఆయన్ని నేరుగా వంటింట్లోకి నడిపించి సీసాల వరస చూపించబోయాను. ఆయన సీసాల వంక చూడనైనా లేదు. నెలరోజులుగా సెల్లారులో ఇంటింటి ప్లాస్టిక్కు చెత్త తూకం వేస్తున్నారట, నోటీసు కింద చిన్నక్షరాల్లో అదే ఉందట. నాలుగు వారాలూ అందరికంటే తక్కువ తూగింది మాదేనట.

నాకేమీ అర్థం కాలేదు. మా ఆవిడ ఎప్పటినుంచో గుడ్డసంచీలు పట్టుకెళ్తోందనీ, పాలు స్టీలు క్యానులో తెస్తోందనీ, సబ్బునీళ్ళు పాత సీసాలోనే నింపించుకొస్తోందనీ ఆయన చెబుతుంటే, ఎవరి ఇంటి సంగతో విన్నట్టు విన్నాను. అంతలో గోతం గుర్తొచ్చింది. అది తూకంలోకి రాకుండా ఎలా ఉంది?

పలక మీద మా ఇంటి నంబరూ, ఆవిడ పేరూ ఉన్నాయి. వాళ్ళు తలుపు దగ్గర మేకు కొడుతుండగా గోతం సంగతి గుసగుసగా అడిగాను.

"మంగళవారం సాయంత్రమే పైకి తెచ్చేశాను. మంచం కింద ఉంది," అంది. "ఇంకా పదేళ్ళొచ్చే డబ్బాలండీ అవి. వాడుకున్నంతకాలం డబ్బా. పారేసిన రోజునే అది చెత్త."

"మరి నాకు చెప్పలేదేం?"

"ప్రపంచాన్ని కాపాడుతున్న మనిషిని మధ్యలో ఆపడం దేనికని."

"ఆ ఉప్పు కాఫీ నువ్వూ తాగావుగా?"

"నేను గ్రంథాలయంలో తాగాను."

తీర్మానంగారు వెళ్తూ వెళ్తూ ఇంత ఉత్సాహమున్న మనిషిని ఊరికే వదలకూడదన్నాడు. మా ఆవిడ వెంటనే, ఆదివారాలు ఆయనకి ఖాళీయేనండీ అంది. మా గుమ్మంలోనే తీర్మానం అయిపోయింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం రబ్బరు తొడుగులేసుకుని సెల్లారులో చెత్త వేరుచేసి తూచేది నేనే. మొన్న రెండో అంతస్తు డాక్టరమ్మ ఒక పాత గొడుగు తెచ్చి, ఇది ఏ బుట్టలో వెయ్యాలి అని అడిగింది. తెరిచి చూశాను, మూసి చూశాను, పిడి గోకి చూశాను.

"ఒక్క నిమిషం ఆగండి, పైకెళ్ళి మా ఆవిడని అడిగొస్తాను," అన్నాను.