పందికి అడ్డంగా పట్టుచీర

ఆ గురువారం పొద్దున రాజశేఖర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎద్దులకు ఉలవలు పెట్టాలి, మరునాడు పులివెందుల పశువైద్యశాలలో ఆరోగ్యపత్రం రాయించుకోవాలి, ఆదివారం జమ్మలమడుగు బండలాగుడు పోటీకి పోవాలి, గెలవాలి. పోయిన ఏడాది ఓడినప్పుడు రాజుపాలెం బామ్మర్ది శివ పళ్లు కనిపించేలా నవ్వాడు. ఆ మంటలో రాజశేఖర్ నలుగురి ముందూ తొడ కొట్టి, "వచ్చే ఏడు నీ ఎద్దుల్ని దాటకపోతే మీసం తీసేస్తా" అనేశాడు. తొండూరు దగ్గరి ఆ ఊళ్లో ఆయనకు భూమి ఉంది, చీనీ బత్తాయి తోట ఉంది, పంచాయితీల్లో ముందు వరస కుర్చీ ఉంది. అయినా ఆయనను గుర్తు చెప్పాలంటే జనం ముందు చెప్పేది ఆ మీసమే.

కొట్టం దగ్గరికి పోయేసరికి నీళ్ల తొట్టి చుట్టూ బురదలో గిట్టల గుర్తులు కనిపించాయి. రాత్రి అడవిపందులు వచ్చి, ఎద్దులు తాగే నీళ్లు తాగిపోయాయి. పోయిన నెలలోనే పశువుల డాక్టర్ తన్మయి ఊరికి వచ్చి, గాలికుంటు రోగం అడవి జంతువుల్లో కూడా తిరుగుతుంటుందని, పైకి మామూలుగా కనిపించే పంది కూడా తొట్లో మూతి పెట్టి రోగం వదిలిపోవచ్చని చెప్పింది. గాలికుంటు వస్తే ఎద్దు నోటి వెంట చొంగ కారుతుంది, మేత ముట్టదు, కుంటుతుంది. అలాంటి ఎద్దును పోటీ మైదానం చుట్టుపక్కలకు కూడా రానివ్వరు.

శనగచేలకు పందులు రాకుండా చుట్టూ పాత చీరలు కట్టడం ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన ఉపాయమే. దాన్నే కొట్టానికి ఎందుకు కట్టకూడదు? రాజశేఖర్‌కు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. భార్య స్వర్ణలత పులివెందులలో అక్క ఇంటికి పోయి ఉంది. తల్లి శివమ్మను అడిగాడు.

"అమ్మా, పాత చీరలు యాడుండాయి?"

"అటక మీద మూటలో ఉండాయి సూడు. నీ పెండ్లాం వచ్చినాక అడిగి తీసుకోరాదా?"

"పాత చీరలకు కూడా పర్మిషన్ ఏందిమ్మా!"

సాయంత్రానికి కొట్టం పెళ్లిపందిరిలా తయారైంది. ఆ రాత్రీ పందులు వచ్చాయి. చీరల కింద నుంచి దూరి, నీళ్లు తాగి, వచ్చిన దారినే పోయాయి.

శుక్రవారం పొద్దున చూస్తే పెద్ద ఎద్దు గరుడ నోటి వెంట చొంగ ధారగా కారుతోంది. ఉలవలు పెడితే మొహం తిప్పుకుంది. శివమ్మ నోరు నొక్కుకుంది.

"గాలికుంటేరా శేఖరా! డాక్టరమ్మకు ఫోన్ చెయ్యి."

"గమ్మునుండుమ్మా! ఆయమ్మ వచ్చిందంటే కాగితం మీద రాస్తాది. రాసిందంటే జమ్మలమడుగు లేదు, మీసం లేదు."

తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి పోయి, సోడా ఉప్పు కలిపిన నీళ్లు తెచ్చి, గుడ్డతో గరుడ నోరు తుడవడం మొదలుపెట్టాడు. ఆ సమయానికే పాల కోసం పక్కింటి బిస్మిల్లా బీ చెంబుతో వచ్చింది.

"ఏందప్పా, ఎద్దు నోట్లో చెయ్యి పెట్టి ఏం చేస్తాండావు?"

"పళ్లు తోమతాండా."

"ఎద్దుకా!"

అబద్ధం మొదలుపెట్టాక మధ్యలో ఆపడం రాజశేఖర్‌కు రాదు. "పోటీ ఎద్దు కదక్కా. నోరు సుబ్బరంగా ఉంటే ఊపిరి శానా బాగా ఆడ్తాది, బండ ఉత్తినే కదుల్తాది. ఇది పెద్ద రహస్యం. ఎవరికీ చెప్పొద్దు."

ఆ చివరి మాట అనకపోయి ఉంటే ఆమె మరిచిపోయేదేమో.

పది గంటలకల్లా ఊళ్లో ఉన్న రెండు అంగళ్లలోనూ టూత్‌పేస్టు అయిపోయింది. పోటీకి పోయే ఎద్దులకు తోమారు. పోని ఎద్దులకూ తోమారు. పాలు పెరుగుతాయేమోనని ఆవులకు తోమినవాళ్లూ ఉన్నారు. మధ్యాహ్నానికి ఊళ్లో ఏ వీధిలో చూసినా గొడ్లు నోటి నిండా నురగతో, ఏం పాపం చేశామా అన్నట్టు నిలబడి ఉన్నాయి. పాలబండి డ్రైవరు ఆ దృశ్యం చూసి బండి దిగకుండానే వెనక్కి తిప్పి, పశువైద్యశాలకు ఫోన్ చేశాడు.

"మేడం, ఊరు ఊరంతా గాలికుంటే! ఒక్క గొడ్డు కూడా మిగల్లేదు!"

డాక్టర్ తన్మయి అన్నం పళ్లెం ముందు నుంచి లేచి, జమ్మలమడుగు పోటీవాళ్లకు కబురు పెట్టి, మందులతో జీపెక్కింది. తొండూరు మండలం ఎద్దులేవీ రావొద్దని అట్నుంచి జవాబొచ్చింది. జీపు ఊళ్లోకి వచ్చేసరికి గొడ్లన్నిటినీ చావడి ముందు కట్టేసి, జనం ఏడుపు మొహాలతో నిలబడ్డారు. తోమింది తామే అయినా, డాక్టరు అంత హడావిడిగా రావడం చూసి నిజంగానే రోగం వచ్చిందేమోనని వాళ్లకూ భయం పట్టుకుంది.

తన్మయి మొదటి ఎద్దు నోరు తెరిచి, వాసన చూసి, కళ్లద్దాలు సర్దుకుంది.

"లవంగం వాసన వస్తోందేమిటి?"

రెండోదాని దగ్గర పుదీనా వాసన వచ్చింది. మూడోదాని యజమాని తనంతట తానే, "మాది వేపపుల్ల మేడం" అన్నాడు.

"ఎద్దులకు పళ్లు తోమమని ఎవరు చెప్పారు మీకు?"

జనమంతా బిస్మిల్లా బీ వైపు చూశారు. ఆమె రాజశేఖర్ వైపు చూసింది. "ఈయప్ప ఎవరికీ చెప్పొద్దన్నాడు మేడం. అందుకే ఒక్కొక్కరికీ సపరేటుగా చెప్పినా."

తన్మయి కొట్టానికి నడిచింది. వెనక ఊరంతా నడిచింది. గరుడ నోట్లో లవంగం లేదు, పుదీనా లేదు. కారేది అసలు సిసలు చొంగ. ఆమె మొహంలో నవ్వు పోవడం చూసి రాజశేఖర్ కుప్పకూలాడు.

"నేను తోమలేదు మేడం. ఇది గాలికుంటే. మీసం పోతాదని దాచిపెట్టినా. ఊళ్లో గొడ్లన్నిటికీ ఎసరు పెట్టినా. నా ఎద్దు ఏమైపోతాదో ఏమో!" అంటూ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. గెలవాలన్న పట్టుదల ఎంతో, గరుడ మీద ప్రేమా అంతే.

తన్మయి జ్వరం చూసింది, లేదు. నాలుక మీద పొక్కుల్లేవు, గిట్టల మధ్య పుండ్లు లేవు. నోట్లోకి లోపలిదాకా చెయ్యి పోనిచ్చి, దవడ పళ్ల సందులో ఇరుక్కున్నదేదో పట్టుకుని లాగింది. ముందు జరీపోగు వచ్చింది. తర్వాత అంచు. తర్వాత మామిడిపిందెల పైట, కౌరవసభలో చీరలా, వస్తూనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఆటో దిగి వచ్చిన స్వర్ణలత కేక పెట్టింది.

"అది నా చీర!"

"నీదా? పాత మూటలోది కదా!" అన్నాడు రాజశేఖర్.

"నువ్వు గెలిచిన రోజు కట్టుకుందామని ప్రొద్దుటూరులో తెచ్చుకుంటి మామా. నీకు కనపడకూడదని పాత చీరల్లో దాచుకుంటి. ఏ మొగోడైనా పాత చీరల మూట ఇప్పుతాడని నాకేం తెలుసు?"

ఆ చీర నుంచి విముక్తి కలిగిన గరుడ ఉలవల గంపలో మూతి పెట్టింది. తన్మయి చేతులు కడుక్కుంటూ అంది. "పందులు మీ ఎద్దులకు రోగం అంటిస్తాయని చీరలు కట్టారు, బాగానే ఉంది. ఊరూరా పోటీలకు తిరిగే మీ ఎద్దులు పందులకు అంటించకుండా ఎవరు కట్టాలి? టీకాలు వేయించండి, రాత్రిపూట తొట్టికి మూత వేయండి. చీరలు కట్టుకునేవాళ్లకు వదిలేయండి."

ఆమె ఆరోగ్యపత్రం ఇచ్చింది, జమ్మలమడుగుకు ఫోన్ చేసి మండలానికి పట్టిన మచ్చ కూడా తుడిచేసింది. శనివారం రాజశేఖర్ స్వయంగా ప్రొద్దుటూరు పోయి, అదే అంగట్లో, అదే రంగు, అదే మామిడిపిందెల పైట ఉన్న చీర తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. స్వర్ణలత కళ్లు తుడుచుకుని, ఇంత మంచి మొగుడు జిల్లాలో లేడంది.

ఆదివారం మైదానంలో గరుడ రెచ్చిపోయింది. శివ ఎద్దులు లాగిన దూరానికి నాలుగడుగులే తక్కువ, సమయం ఇంకా మిగిలే ఉంది. జనం ఈలలు వేస్తున్నారు. ముందు వరసలో స్వర్ణలత సంతోషం పట్టలేక లేచి, కొత్త చీర కొంగు గాల్లో ఊపింది.

గరుడకు తెలిసిన వాసనేదో తగిలింది. బండనక్కడే వదిలేసి, కాడితో సహా ఆమె వైపు తిరిగి, నాలుక చాపింది. రాజశేఖర్ ముందు అదిలించాడు, తర్వాత బతిమాలాడు, చివరికి దండం పెట్టాడు. అది కదలకముందే సమయం అయిపోయిందని ఈల మోగింది.

శివ ఈసారి నవ్వలేదు. దగ్గరికి వచ్చి, "ఊరికే అనుకున్న మాటలే బావా, వద్దులే" అన్నాడు.

"మాటంటే మాటేప్పా" అన్నాడు రాజశేఖర్, ఆఖరిసారిగా మీసం దువ్వుకుంటూ.

ఆ వారం ఆ ఊళ్లో ఆఖరి నురగ రాజశేఖర్ పైపెదవి మీద కనిపించింది.