ఖాకీ బండికి స్వాగతం

ఆ రోజు నరసింహం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిది గంటలకు ఉప్మా తినడం, పది గంటలకు గిద్దలూరు స్టేషనులో యుద్ధాన్ని వర్ధిల్లజేయడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి కాబోయే హెడ్ గుమాస్తాలాగా ఓ కునుకు తీయడం.

కచేరీలో ఆయన ఆరేళ్ళుగా యాక్టింగ్ హెడ్ గుమాస్తా. సిపాయిల బండి పది నిమిషాలు ఆగుతుందనీ, స్వాగతం ఘనంగా ఉంటే ఖాయం చేసే సంగతి చూస్తాననీ సబ్ కలెక్టరు దొర కబురు పెట్టాడు. నరసింహం మూడు రోజులు కష్టపడి రెండు నినాదాలు రాశాడు. మొదటిది భార్య రమణమ్మకు చదివి వినిపించాడు.

"యుద్ధం... వర్ధిల్లాలి!"

"మీరు పోతారా యుద్ధానికి?" అంది రమణమ్మ ఉప్మా వడ్డిస్తూ.

"నాకు మోకాలి నొప్పి కదే."

"అట్లయితే దూరంగా వర్ధిల్లాలని రాయండి. ఈడికొస్తే మీరు పరిగెత్తలేరు."

నినాదాలు సిద్ధంగానే ఉన్నాయి కానీ అరిచేవాళ్ళు లేరు. బజారులో ఒకరికి జ్వరం తగిలింది. ఒకరికి మామ చనిపోయాడు, ఆ మామ పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మిగతావాళ్ళు ఖద్దరు కట్టుకుని తలుపులేసుకున్నారు. చివరికి నరసింహానికి ఊరవతల క్రైస్తవుల పాలెం గుర్తొచ్చింది. అక్కడి కుర్రాళ్ళు పద్నాలుగు మంది పట్టాళంలో చేరారు. వాళ్ళు ఆ బండిలోనే వస్తున్నారు. తల్లులు సద్దిమూటలు కట్టుకున్నారు గానీ, స్వాగతం పలికేవాళ్ళను తప్ప ఎవరినీ ప్లాట్‌ఫారం మీదికి రానివ్వరు.

"మేం అరుస్తాంలే అయ్యా. ఏం అరవాల?" అంది దీనమ్మ. ఆమె కొడుకు కరుణాకరం కోసం జొన్నరొట్టెలు, గోంగూర తొక్కు మూటగట్టుకుని వచ్చింది.

"నేను యుద్ధం అంటా. మీరు వర్ధిల్లాలి అనాల."

"అంటే?"

"అంటే, బాగా పెరగాల."

దీనమ్మ మూట చంక మార్చుకుంది. "మా పిల్లోడు సల్లగుండాలంటే వెయ్యిసార్లు అంటాం. యుద్ధం పెరిగితే వాడు ఇంటికెప్పుడొస్తాడు? పెరగాలనడానికి అదేమన్నా గొర్రెపిల్లా?"

అప్పటికే బండి కూత వినిపించింది. నరసింహం కంగారుగా చేతులూపాడు. "అర్థాలతో నీకేం పని? గుళ్ళో పంతులు ఒక ముక్కంటే మీరు రెండో ముక్క అందుకోరూ? అట్ల అనండి, చాలు!"

"గుళ్ళో మాదిరేనా? అట్లయితే సరే" అంది దీనమ్మ.

బండి ఆగింది. దొర ముందు పెట్టెలోంచి దిగాడు. నరసింహం ఎదురుగా నిలబడి, పిడికిలి పైకెత్తి అరిచాడు.

"యుద్ధం!"

నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. "ప్రభువా, మమ్ము తప్పించుము!"

నరసింహం పిడికిలి గాల్లోనే ఉండిపోయింది. పాలెంలో బడికీ గుడికీ ఒక్కడే అయిన నిత్యానందం పంతులు ఆయన చెవిలో అన్నాడు: "ఆదివారం నేనూ అంతే కదయ్యా. కరువు, తెగులు, యుద్ధం అని ఒక్కోటే అంటా. వాళ్ళు తప్పించమంటారు. ఇరవయ్యేండ్ల అలవాటు."

రెండో నినాదంతో సర్దుకుందామనుకున్నాడు నరసింహం. దురదృష్టవశాత్తు అది దొర గురించి.

"సబ్ కలెక్టరు దొరవారు!"

"ప్రభువా, మమ్ము తప్పించుము!"

"ఓరి నాయనో, ఆపండి!"

"ప్రభువా, మమ్ము తప్పించుము!"

ప్రార్థన అని తెలియగానే దొర టోపీ తీసి కళ్ళు మూసుకున్నాడు. ఆయన తీశాడని స్టేషను మాస్టరూ తీశాడు. దొర టోపీ పెట్టుకునేదాకా బండి కదిలించే ధైర్యం లేక గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకున్నాడు. పది నిమిషాలు ఇరవై అయ్యాయి.

నరసింహం ఆపేద్దామని నోరు మూశాడు. దీనమ్మ పెట్టె పెట్టెకూ పరిగెత్తుతూ కేకేసింది. "ఆపొద్దయ్యా! మావోడు ఇంకా కనపళ్ళా! నువ్వు ఆపితే బండి పోతాది!"

దొర ఒక కన్ను తెరిచి నరసింహం వైపు చూశాడు. నరసింహం మళ్ళీ అందుకోక తప్పలేదు. రాసుకున్న నినాదాలు అయిపోయాయి. "కిరసనాయిలు కరువు!" అన్నాడు. తప్పించుము అన్నారు. "తేళ్ళు! మోకాలి నొప్పి! మా తాసీల్దారు!" అన్నింటినుంచీ తప్పించమన్నారు. తాసీల్దారు వెనకనే నిలబడి ఉన్నాడు. కిటికీల్లోని సిపాయిలు కూడా గొంతు కలిపారు. ఇంకేమీ తోచక నరసింహం "మన సిపాయిలు!" అన్నాడు.

ఎవరూ తప్పించమనలేదు. చిట్టచివరి పెట్టె దగ్గర్నుంచి దీనమ్మ గొంతు వచ్చింది. "ప్రభువా, క్షేమంగా ఇంటికి చేర్చుము!" మూట కిటికీలోంచి లోపలికి పోయింది. కరుణాకరం చెయ్యి ఆమె చేతిని పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. ఈసారి గార్డు కూడా ఆమేన్ అన్నాడు.

దొర టోపీ పెట్టుకున్నాడు. పరీక్ష పాసైన తెలుగు కాబట్టి ఆయనది బొత్తిగా పుస్తకాల భాష. "గుమాస్తా గారూ, ఈ జిల్లాలో నేను అనేక స్వాగతములు వింటిని. నిజము పలికినది ఇది యొక్కటియే. నన్ను గూర్చిన భాగము కూడ న్యాయముగానే యున్నది."

పదిహేను రోజులకు ఉత్తర్వు వచ్చింది. నరసింహం విప్పి చదివాడు. హెడ్ గుమాస్తాగా నియామకం.

"దేవుడున్నాడే!" అని అరిచాడు.

"కింద ఇంకో రెండు ముక్కలున్నాయి, చూడండి" అంది రమణమ్మ.

ఉద్యోగం యుద్ధం ముగిసేంతవరకే. ముగిసిననాడు పాత కుర్చీకే పోవాలి. ఈలోగా సిపాయిల బండి వచ్చినప్పుడల్లా పాలెం వాళ్ళతో అదే ప్రార్థన తప్పకుండా చేయించాలి.

తరువాతి బండికి దీనమ్మ అందరికంటే ముందే వచ్చింది. "నీ నోటి చలవయ్యా! కిరసనాయిలు అన్నావు, మొన్ననే వచ్చింది. యుద్ధం కూడా ఎన్నాళ్ళో ఉండదులే. ఊఁ, గట్టిగా అను!"

ఆ రోజు యుద్ధం అనే ముక్క దగ్గర మాత్రం నరసింహానికి గొంతు బొంగురుపోయింది.